గుండె వైఫల్యం మందుల మీద థీసిస్ మొదలుపెడుతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

గుండె వైఫల్యం మందులు మీ ఆసుపత్రికి వచ్చే మామూలు రోగులకు ఎంతవరకు మేలు చేస్తున్నాయో చూస్తానని రాశావు. చాలా సంతోషించాను. అయితే నువ్వు పంపిన ఫారంలో మూడే గడులున్నాయి: మందు పేరు, మోతాదు, ఆరు నెలల తర్వాత రోగి బతికి ఉన్నాడా లేదా. ఇవి చాలవమ్మా. ఎందుకు చాలవో గుండె వైఫల్యానికి వాడే స్పైరోనోలాక్టోన్ అనే మాత్ర చరిత్ర చూస్తే తెలుస్తుంది.

1999లో ఈ మాత్రను రోగుల మీద పరీక్షించిన రేల్స్ అనే ప్రయోగం ఫలితాలు వెలువడ్డాయి. తీవ్రమైన గుండె వైఫల్యం ఉన్న 1,663 మందిలో ఈ చవక మాత్ర మరణం ముప్పును 30 శాతం తగ్గించింది. వైద్యులు ధైర్యంగా రాయడం మొదలుపెట్టారు. ఆ తర్వాత కెనడాలోని ఒంటారియోలో ఏం జరిగిందో 2004లో ఒక బృందం లెక్కతీసింది. గుండె వైఫల్యంతో ఆసుపత్రిలో ఉండి వచ్చి, ఏసీఈ ఇన్హిబిటర్లు (రక్తపోటుకూ, గుండె వైఫల్యానికీ ఇచ్చే మందులు) వాడుతున్న వృద్ధులను చూశారు. ఈ మందులూ, స్పైరోనోలాక్టోనూ రెండూ రక్తంలో పొటాషియాన్ని పెంచగలవు, అది మరీ పెరిగితే ప్రాణాపాయం. పొటాషియం పెరిగి మళ్లీ ఆసుపత్రి పాలైనవారు 1994లో వెయ్యికి 2.4 మంది. 2001 నాటికి 11 మంది. ఆ కారణంగా చనిపోయినవారు వెయ్యికి 0.3 నుంచి 2కి పెరిగారు. రేల్స్ ప్రయోగంలో క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పే రక్తపరీక్ష) 2.5 దాటినవారిని చేర్చుకోలేదు, పొటాషియం పరీక్ష గడువు ప్రకారం చేశారు. బయటి వైద్యంలో ఆ కట్టుబాట్లు ఎవరు పెడతారు?

అక్కడితో ఆగిపోతే మందే చెడ్డదనుకుంటాం. స్కాట్లాండ్‌లోని టేసైడ్ ప్రాంతంలోనూ ఈ మాత్ర వాడకం అంతే జోరుగా పెరిగింది. కానీ పొటాషియం పెరిగి ఆసుపత్రిలో చేరడం మాత్రం పెరగలేదని 2010లో తేలింది. రక్తపరీక్షలు శ్రద్ధగా చేయించడమే కారణమై ఉంటుందని ఆ పరిశోధకులు రాశారు. మాత్ర అదే, చుట్టూ ఉన్న వైద్యం వేరు. నువ్వు కొలవబోయేది ఆ రెండింటినీ కలిపి. కాబట్టి మాత్ర మొదలుపెట్టాక మొదటి పొటాషియం, క్రియాటినిన్ పరీక్ష ఎన్నో రోజున జరిగిందో, ఎక్కడ చేయించుకున్నారో, అసలు చేయించుకున్నారో లేదో రాయడానికి గడులు పెట్టు.

డిశ్చార్జి కాగితం మీద ఉన్నది రోగి మింగినట్టు కాదు. మళ్లీ చూపించుకోవడానికి వచ్చినప్పుడు మందుల సంచి తెమ్మని చెప్పు. బల్ల మీద బోర్లించి చూడు. షాపులో కత్తిరించి ఇచ్చిన నాలుగు మాత్రల ముక్క మీద పేరే ఉండదు. ఒకే మందు రెండు కంపెనీల పేర్లతో ఉంటుంది, రెండూ వేసుకుంటూ ఉంటారు. ఖర్చుకు వెనకాడి రోజు విడిచి రోజు వేసుకునేవారు ఉంటారు. మూత్రం ఎక్కువగా వచ్చే మాత్రను బస్సు ప్రయాణం రోజున మానేసేవారు, ముఖ్యంగా ఆడవాళ్లు, చాలామంది. ఇవి కేస్‌షీట్‌లో దొరకవు. అడిగేటప్పుడు గద్దించకు. "ఎందుకు మానేశారు?" అంటే అబద్ధం చెబుతారు. "ఈ వారంలో ఎన్ని రోజులు కుదరలేదు?" అంటే నిజం చెబుతారు.

లెక్కల దగ్గర రెండు చిక్కులున్నాయి. రక్తపోటు బాగుండి, మూత్రపిండాలు బాగున్నవారికే వైద్యులు సాక్యుబిట్రిల్-వాల్సార్టాన్ అనే గుండె వైఫల్యం మందు రాస్తారు, అది రక్తపోటును తగ్గిస్తుంది కాబట్టి. పై పోటు 90 దగ్గర ఊగిసలాడే మనిషికి రాయరు. తర్వాత రెండు గుంపుల మరణాలూ పోల్చి మందు గొప్పదంటే, ముందే కాస్త బాగున్నవారిని మెచ్చుకున్నట్టే. అందుకే మందు రాయనివారికి ఎందుకు రాయలేదో కూడా తప్పక నమోదు చెయ్యి.

రెండోది ఇంకా మోసకారి. జనవరిలో ఇంటికి వెళ్లిన రోగి ఏప్రిల్‌లో మందు మొదలుపెట్టాడనుకో. ఆ మూడు నెలలనూ మందు ఖాతాలో వేయకు. ఫిబ్రవరిలో చనిపోయి ఉంటే అతను మందు లేని గుంపులోకి చేరేవాడు కదా! బతికి ఉన్నాడు కాబట్టే మందు దాకా వచ్చాడు. ఒక్కొక్కరికీ మందు మొదలైన తేదీ నుంచే మందు లెక్క మొదలవ్వాలి.

2013లో తిరువనంతపురంలో 18 ఆసుపత్రులు కలిసి 1,205 మంది గుండె వైఫల్యం రోగులను నమోదు చేశాయి. సగటు వయసు 61. గుండె పంపింగ్ తగ్గినవారిలో మార్గదర్శకాల ప్రకారం మందులతో ఇంటికి వెళ్లినవారు నాలుగో వంతే. ఆ వ్యాసం చదువు. మన దక్షిణాది రోగుల మీద అంత ఓపికగా చేసిన పని అది.

కనిపించకుండా పోయేవారి గురించి ఇప్పుడే ఆలోచించు. చేరిన రోజే రోగి నంబరు కాక, ఇంట్లో ఇంకొకరిదీ, ఊళ్లో ఆశా కార్యకర్తదీ తీసుకో. రానివారిని లెక్కలోంచి తీసేస్తే, చనిపోయినవారిలో కొందరు వారితోపాటే పోతారు.

పరిశోధనకు అనుమతినిచ్చే ఎథిక్స్ కమిటీకి ఇచ్చేముందు మార్చిన ఫారం నాకు పంపు. అంతకుముందు ఓపీలో ఒక పదిమందితో నింపి చూసి, ఏ ప్రశ్న దగ్గర వారు తడబడ్డారో పక్కన రాసి పంపు.

నీ శ్రేయస్సు కోరే
మామయ్య