టాపు దించిన మోరిస్ మైనర్

ప్రశ్న: మా తాతగారి మోరిస్ మైనర్ కారు, గుడ్డ టాపుది, కొట్టంలో మూలపడి ఉంది. వయసులో ఉండగా మీరూ అలాంటిదే నడిపారట కదా. మన ఎండల్లో టాపు లేకుండా ఎట్టా తిరిగారు? మా బండి మళ్లీ రోడ్డెక్కుతుందంటారా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: అమ్మితే ఎంతొస్తుందని కాకుండా నడుస్తుందా అని అడిగారు. చాలా సంతోషమేసింది.

నాది 1950 మోడలు. గూడూరులో ఒక అభ్రకం వ్యాపారి దగ్గర కొన్నాను. మిట్టమధ్యాహ్నం టాపు ఎవరూ దించరండీ. తెల్లవారుజామునో, పొద్దుగూకినాకో నెల్లూరు నుంచి మైపాడు దాకా పోయేవాళ్లం. కోతల రోజుల్లో పచ్చిగడ్డి వాసన నేరుగా ముఖానికి కొట్టేది. అద్దాలెత్తిన కార్లో ఆ వాసన ఎక్కడిది!

ఎండ మనకన్నా ఇంజనుకే కష్టం. అందులో ఉన్నది 918 సీసీ సైడ్‌వాల్వ్ ఇంజను, అంటే వాల్వులు సిలిండర్ల పక్కన ఉండే పాతకాలపుది. తొలినాటి బండ్లకు వాటర్ పంపే లేదు. వేడి నీళ్లు వాటంతటవే పైకెక్కి రేడియేటర్లోకి పోవాలి, చల్లారినవి కిందికి దిగాలి. ఇంగ్లండు చలికి అది సరిపోయింది. మే నెలలో మద్రాసు రోడ్డెక్కితే నాయుడుపేట దగ్గరపడే సరికి ఆవిరి బుసకొట్టేది. చింతచెట్టు నీడన బండి ఆపి, చల్లబడ్డాకే రేడియేటర్ మూతకు తడిగుడ్డ చుట్టి మెల్లగా తిప్పేవాణ్ణి. డిక్కీలో నీళ్ల డబ్బా లేకుండా గడప దాటింది లేదు. ఆ ఆగడం నాకెన్నడూ విసుగనిపించలేదు.

1948లో లండన్ ఎర్ల్స్ కోర్ట్ కార్ల ప్రదర్శనలో ఈ కారు బయటికొచ్చింది. రూపకర్త అలెక్ ఇసిగోనిస్‌కు కారు మరీ సన్నంగా ఉందనిపించి, నమూనా బండిని నిలువునా కోయించి, రెండు సగాలనూ నాలుగంగుళాలు ఎడం జరిపించాడు. మీ బండి బానెట్ మీద చెయ్యి వేసి చూడండి, నడిమధ్యన పొడుగ్గా ఒక పట్టీ తగులుతుంది. ఆ నాలుగంగుళాలే అది. బండి తుడిచినప్పుడల్లా నా చెయ్యి అక్కడ కాసేపు ఆగేది.

ఇక మీ బండి. ఏ సంవత్సరానిదో రాయలేదు, ఏదైనా సరే ముందు తుప్పు చూడండి. సముద్రపుగాలి పడే ఊరు మీది. పైకప్పు లేని బండికి బలమంతా అడుగునే. లోపల నలుగురిని కూర్చోబెట్టి తలుపులు తీసి వేయండి. ఖాళీగా ఉన్నప్పుడు బాగా పడే తలుపు ఇప్పుడు పట్టేస్తే, అడుగు రేకులను తుప్పు తిన్నట్టే. అప్పుడు ఇంజను సంగతి తర్వాత, ముందు వెల్డింగు.

ఇన్నేళ్లు ఆగిన ఇంజన్ను సెల్ఫ్‌తో లేపకండి. ప్లగ్గులు విప్పి సిలిండర్లలో కాస్త ఆయిల్ పోసి, ఒక రోజు నాననిచ్చి, బండి ముందు దూర్చి చేత్తో తిప్పే హ్యాండిల్‌తో మెల్లగా తిప్పండి. ఎలక్ట్రీషియన్‌కు మాత్రం పక్కనే నిలబడి చెప్పండి: ఈ బండికి బ్యాటరీ ప్లస్ బాడీకి పోతుంది, మధ్యలో ఎవరూ మార్చకపోయుంటే. ఇప్పటి అలవాటుకొద్దీ మైనస్ బిగిస్తారు.

గుడ్డ టాపు మడిచి ఉంటే ఎత్తి ఉంచండి, మడతల దగ్గరే ముందు చీలుతుంది. సామాన్లకు దిగులు లేదు. ఇదే కారు మన దేశంలో బేబీ హిందుస్థాన్ పేరుతో వచ్చింది, పాత మెకానిక్కులకు తెలుసు. ఇంగ్లండులో మైనర్ భాగాలు నేటికీ కొత్తవి చేస్తున్నారు, తెప్పించుకోవచ్చు.