ధనుష్కోటి మళ్ళీ ఊరు కాలేదెందుకు?

ప్రశ్న: ఈమధ్య రామేశ్వరం యాత్రలో ధనుష్కోటి చూశాము. పైకప్పు లేని చర్చి, రైల్వే స్టేషను మొండిగోడలు చూసి మనసు కలుక్కుమంది. మా తాతగారు కాశీయాత్రకు ముందు అక్కడిదాకా రైల్లోనే వెళ్ళి సేతుస్నానం చేశారని ఇంట్లో చెప్పుకునేవారు. 1977 ఉప్పెనలో ఇంకా ఎక్కువమందిని పోగొట్టుకున్న మా దివిసీమ మళ్ళీ నిలదొక్కుకుంది కదా, ధనుష్కోటి ఒక్క తుపానుకే ఎందుకు శాశ్వతంగా పాడుబడింది?
– ఒక పాఠకురాలు, అవనిగడ్డ

జవాబు: సగం జవాబు మీ పోలికలోనే ఉంది. దివిసీమ పంట మీద బతికే నేల, ధనుష్కోటి ప్రయాణం మీద బతికిన ఊరు.

1914 ఫిబ్రవరిలో పాంబన్ వంతెన ప్రారంభమై రైలు సముద్రం దాటి రామేశ్వరం ద్వీపం మీదికి రావడంతో ఆ ఊరి దశ తిరిగింది. మద్రాసు ఎగ్మోరులో బోటు మెయిలు ఎక్కినవారు ధనుష్కోటి రేవులో దిగి, అక్కడి నుండి ఆవిరి ఓడలో సుమారు 30 కిలోమీటర్లు ప్రయాణించి సింహళ (నేటి శ్రీలంక) తీరంలోని తలైమన్నారు చేరి, మళ్ళీ రైలెక్కి కొలంబో వెళ్ళేవారు. ఇంత ప్రయాణానికీ ఒకటే టిక్కెట్టు ఉండేది. సుంకం కార్యాలయం, తపాలా కార్యాలయం, ఆసుపత్రి, బడి, సత్రాలు అన్నీ ఆ రైలునూ ఆ ఓడనూ నమ్ముకొని వెలసినవే. సేతువు వద్ద ఇసుక తీసుకొని వెళ్ళి ప్రయాగలో కలిపి, గంగాజలం తెచ్చి రామేశ్వరునికి అభిషేకం చేయడం మనవారి ఆచారం కనుక, మీ తాతగారి వంటి యాత్రికులకు కూడా ఆ స్టేషను పరిచితమే. ఊరి సొంత బతుకంటూ ఉన్నది చేపల వేట ఒక్కటే. రెండు పక్కలా సముద్రం ఉన్న ఆ ఇసుక దిబ్బ మీద పొలమన్నది లేదు.

1964 డిసెంబరు 22 అర్ధరాత్రి వేళ తుపాను విరుచుకుపడింది. పాంబన్ నుండి బయలుదేరి ఊరి పొలిమేరకు వచ్చిన పాసింజరు రైలును అలలు ముంచివేయగా, అందులోని వందమందికి పైగా ప్రయాణికులూ సిబ్బందీ ప్రాణాలు కోల్పోయారు. తెల్లవారేసరికి ఊరిలో అధికభాగం నీటిపాలైంది. ఆ తరువాత ప్రభుత్వం ఆ చోటు నివాసయోగ్యం కాదని ప్రకటించింది.

అయితే ఊరు మళ్ళీ లేవకుండా చేసింది తుపాను ఒక్కటే కాదని నా అభిప్రాయం. దెబ్బతిన్న పాంబన్ వంతెనను ఇంజనీరు శ్రీధరన్ ఆధ్వర్యంలో 46 రోజుల్లో బాగుచేశారు; ఆ శ్రద్ధ రామేశ్వరంతో ఆగిపోయింది. అక్కడి నుండి ధనుష్కోటికి పట్టాలు తిరిగి వేయలేదు, ఓడ ప్రయాణాన్ని కూడా రామేశ్వరానికే మార్చారు. ఆ తుపానుకు రెండు నెలల ముందే, 1964 అక్టోబరులో భారత, సింహళ ప్రధానుల మధ్య కుదిరిన శాస్త్రి-సిరిమావో ఒప్పందం వల్ల సింహళం నుండి తరలివచ్చిన భారత సంతతి తోట కూలీల కుటుంబాలు సైతం దిగింది రామేశ్వరంలోనే. శ్రీలంక అంతర్యుద్ధం కారణంగా 1980లలో ఆ ఓడా ఆగిపోయింది. అలాంటి ఇసుక దిబ్బ మీద మళ్ళీ జనాన్ని నిలపకూడదనుకోవడం తప్పని నేను అనలేను. కానీ రైలూ ఓడా పోయాక అక్కడి గుమాస్తాకు గానీ, హోటలు నడిపినవారికి గానీ తిరిగి రావడానికి కారణమే మిగలలేదు. దివిసీమలో అలా కాదు. ఎంత నష్టపోయినా కాలువల్లో కృష్ణ నీరు మళ్ళీ పారింది, పొలం ఉన్న రైతు పొలం దగ్గరికే వచ్చాడు.

ధనుష్కోటిలోనూ తిరిగి వచ్చినవారు ఉన్నారు, వారు మత్స్యకారులు. మీరు చూసిన మొండిగోడల చుట్టుపక్కల వారి పాకలు మీ కంటపడే ఉంటాయి. ఉప్పునీటికి అంత దగ్గరలోనే ఇసుకలో చెలమలు తీసి మంచినీళ్ళు తోడుకుంటారు. 2017లో ఆ ఇసుక నేల చివరి కొస అయిన అరిచల్ మునై దాకా తారురోడ్డు పూర్తయ్యాక యాత్రికులకు గవ్వలు, చేపల వేపుడు అమ్ముకొనే చిన్న దుకాణాలు కూడా వచ్చాయి. సాయంత్రానికల్లా యాత్రికులను వెనక్కి పంపేస్తారు కాబట్టి, రాత్రివేళ అక్కడ ఉండేది ఆ కుటుంబాలే.