గాలి లేని రోజున యారాడ రాళ్ల మీదికి వెళ్లవచ్చా?

మీరు మే రెండో వారంలో కరీంనగర్ నుంచి కుటుంబంతో విశాఖ వస్తున్నారు. మీ బావమరిది ఊరి పక్కనున్న యారాడ బీచ్ రాళ్ల మీద నిలబడి గేలం వేయాలంటున్నాడు, పిల్లలు అక్కడే ఫొటోలు దిగాలంటున్నారు. ఫోనులో చూస్తే ఆకాశం నిర్మలం, గాలి గంటకు 8 కిలోమీటర్లు, అల ఎత్తు 1.2 మీటర్లు. ఈ అంకెలు చాలవా అని అడిగారు. చాలవండీ. సరిగ్గా ఇలాంటి అంకెలే చూసుకుని నేను ఒకసారి ఆ రాళ్ల మీదికి దిగాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

అదీ మే నెలే. ఉదయం అయిదున్నరకు మా పిన్ని కొడుకును వెంటబెట్టుకుని వెళ్లాను. సముద్రం నూనె పోసినట్టు ఉంది. ఒడ్డున వల బాగు చేసుకుంటున్న ఒక పెద్దాయన మమ్మల్ని చూసి, "బాబూ, ఆ రాయి పైదాకా తడిసి ఉంది, చూశావా?" అన్నాడు. రాత్రి మంచుకు తడిసి ఉంటుందిలే అన్నాను. ఆయన ఇంకేమీ అనలేదు, తల అడ్డంగా ఊపి వల వైపు తిరిగాడు. ఆ తడి నీటిమట్టానికి రెండు నిలువుల పైన ఉంది. మంచు అయితే చుట్టూ ఉన్న రాళ్లన్నీ తడవాలి కదా! ఆ ఒక్క ఆలోచన నాకు రాలేదు.

పావుగంట సేపు ఏమీ జరగలేదు. పాదాలకు బారెడు కింద నీళ్లు మెల్లగా లేచి పడుతున్నాయి. తరవాత ఉన్నట్టుండి నీళ్లు వెనక్కి పోయాయి. అప్పటిదాకా కనబడని రాళ్లు బయటపడ్డాయి. వాటికి అంటుకున్న గుల్లలు, వేలాడుతున్న పాచి, సందుల్లోంచి బుడబుడమంటూ జారుతున్న నీరు, అన్నీ స్పష్టంగా కనబడ్డాయి. పారిపోవాలని తట్టేలోపే సముద్రం మొత్తం పైకి లేచింది. నీళ్లు నా ఛాతీ దాకా వచ్చాయి. సంచీ, గేలపు కర్ర పోయాయి. తమ్ముడు ఒక రాతి పగులు పట్టుకుని వేలాడాడు. గుల్లలు కత్తుల్లా ఉంటాయి, మోకాలి నుంచి చీలమండ దాకా చర్మం లేచిపోయింది. ఇంకా రెండు కెరటాలు వచ్చాయి. మూడోది దిగిపోగానే వాడిని లాక్కుంటూ పైకి ఎక్కాను. వెనక్కి తిరిగి చూస్తే సముద్రం మళ్లీ నూనె పోసినట్టే ఉంది.

ఆ కెరటాలు విశాఖ గాలికి పుట్టినవి కావు. మనకు వేసవి అయినప్పుడు భూమధ్యరేఖకు దక్షిణాన చలికాలం మొదలవుతుంది. అంటార్కిటికా వైపు హిందూ మహాసముద్రంలో పెద్ద తుపానులు లేస్తాయి. వాటి ఉబ్బు అలలు దాదాపు ఏడు వేల కిలోమీటర్లు ప్రయాణించి, అయిదారు రోజులకో వారానికో మన తీరం చేరతాయి. ఇక్కడ ఆకు కదలకపోయినా అవి వస్తాయి. కేరళ జాలరులు వీటిని 'కల్లక్కడల్' అంటారు, దొంగ సముద్రం అని అర్థం. చెప్పకుండా వచ్చి ఇంట్లో దూరుతుంది కాబట్టి ఆ పేరు. 2024 మే నెలలో కన్యాకుమారి జిల్లాలో అయిదుగురు వైద్య విద్యార్థుల ప్రాణాలు తీసింది ఇలాంటి సముద్రమే. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

అందుకే ఎత్తు ఒక్కటే చూడకండి, దాని పక్కన ఉండే 'వ్యవధి' చూడండి. ఒక అల శిఖరం దాటాక తరవాతి శిఖరం రావడానికి పట్టే సెకన్లు అవి. స్థానిక గాలికి లేచిన అల వ్యవధి నాలుగైదు సెకన్లు ఉంటుంది. 5 సెకన్ల అల పొడవు లోతు నీటిలో సుమారు 40 మీటర్లు. దూరం నుంచి వచ్చే 16 సెకన్ల అల పొడవు 400 మీటర్లు. ఎత్తు 1.2 మీటర్లే అయినా, 16 సెకన్ల అలలు మోసుకొచ్చే శక్తి 5 సెకన్ల అలలకు మూడు రెట్లు. చిన్న అల రాయిని తాకి చిట్లి పోతుంది. పెద్ద వ్యవధి అల వెనక నుంచి నీరు ఇంకా ఇంకా వస్తూనే ఉంటుంది, అందుకే అది రాయి మీద అంత పైకి ఎక్కుతుంది. నా లెక్కలో 8 సెకన్లలోపు ఉంటే మామూలు జాగ్రత్త చాలు. 12 దాటితే నేను గేలం ఇంట్లోనే పెట్టి వస్తాను.

ఎత్తు అంకెలోనూ ఒక మెలిక ఉంది. సూచనల్లో చెప్పే ఎత్తు, అన్ని అలల్లో పెద్దవైన మూడో వంతు అలల సగటు. వెయ్యి అలల్లో ఒకటి దానికి దాదాపు రెట్టింపు ఉండడం మామూలే. 16 సెకన్లకు ఒకటి చొప్పున గంటకు 225 అలలు వస్తాయి. మీ బావమరిది నాలుగు గంటలు నిలబడితే 900 అలలు ఆయన ముందు నుంచి పోతాయి. 1.2 అని చదివి వెళ్లిన మనిషి 2 మీటర్లు దాటిన అలను చూడడం దురదృష్టం కాదు, లెక్క ప్రకారం జరగాల్సిందే.

ఇక యారాడ సంగతి వేరుగా చెప్పాలి. డాల్ఫిన్ నోస్ కొండకు దక్షిణం వైపున ఉండడంతో దక్షిణపు ఉబ్బు దానికి నేరుగా తగులుతుంది. అదే రోజు కొండకు ఇవతల రామకృష్ణా బీచ్ కాస్త మెత్తగా కనిపించవచ్చు. అది చూసి యారాడ కూడా అలాగే ఉంటుందనుకోకూడదు. సముద్రంలోకి పొడుచుకొచ్చిన రాతి ముక్కుల దగ్గర అలలు వంగి రెండు వైపుల నుంచీ వచ్చి కమ్ముకుంటాయి. నిటారుగా ఉన్న బండకు తగిలి తిరిగి వెళ్లే అల, వచ్చే అలతో కలిస్తే నీరు నిలువునా లేస్తుంది. పడవ నడిపేవాళ్లు ఇలాంటి రాళ్లకు దూరంగా పోతారు. 2020 అక్టోబరు వాయుగుండంలో బంగ్లాదేశ్ సరకు నౌక ఎం.వి. మా తెన్నేటి పార్కు రాళ్ల దగ్గరికి కొట్టుకొచ్చిన సంగతి మీకు గుర్తుండవచ్చు. అంత ఇనుప నౌకనే తెచ్చి ఒడ్డున పెట్టిన సముద్రం అది.

కాలాల విషయం క్లుప్తంగా చెబుతాను. జనవరి, ఫిబ్రవరి అన్నిటికంటే నెమ్మది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా రుతుపవనాల సముద్రం, అప్పుడు రాళ్ల ఊసే వద్దు. అక్టోబరు, నవంబరు తుపానుల నెలలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఇక్కడే తీరం దాటింది. మే నెలలో పొద్దున గాలి ఉండదు, మధ్యాహ్నం దాటాక సముద్రం మీది గాలి బలంగా వీస్తుంది. ఇంకొక మాట: ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కావడంతో మర పడవలు హార్బర్‌లోనే ఉంటాయి. ఎవరైనా కొట్టుకుపోతే చూసి తిప్పుకుని వచ్చే పడవలు సముద్రంలో తక్కువ.

మీరు బయలుదేరే ముందు రోజు హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ ఇచ్చే సముద్ర సూచన చూడండి. ఉబ్బు ఎత్తు, వ్యవధి, దిక్కు మూడూ అందులో ఉంటాయి. ఉబ్బు అలల హెచ్చరిక ఉంటే ఆ రోజు రాళ్లూ వద్దు, స్నానమూ వద్దు. హెచ్చరిక లేకపోయినా వెళ్లగానే దిగకండి. పొడి నేల మీద కూర్చుని గడియారం చూస్తూ ఇరవై నిమిషాలు సముద్రాన్ని చూడండి. పెద్ద కెరటాలు గుంపులుగా వస్తాయి, రెండు గుంపుల మధ్య పది పదిహేను నిమిషాల విరామం ఉండవచ్చు. ఆ విరామంలో వెళ్లినవాళ్లే మోసపోతారు. తడి గీత ఎక్కడిదాకా ఉందో చూసి, దానికి బాగా పైన, పొడిగా ఉన్నచోటే నిలబడండి. పోటు ఎక్కుతుంటే ఆ గీత కూడా ఎక్కుతుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో విశాఖలో పోటుకూ పాటుకూ మధ్య సుమారు ఒకటిన్నర మీటర్ల తేడా ఉంటుంది.

పిల్లలు ఇసుకలో ఆడుకునేటప్పుడు రాళ్ల పక్కన కెరటం విరగకుండా ప్రశాంతంగా కనిపించే చోటికి వెళ్లనివ్వకండి. ఒడ్డుకు చేరిన నీరు తిరిగి లోపలికి పోయేది ఆ దారినే. ఎవరైనా పడిపోతే వెంట దూకవద్దు. మూత బిగించిన ఖాళీ నీళ్ల డబ్బాకు తాడు కట్టి దగ్గర పెట్టుకోండి, అది విసరండి, 112కు గానీ తీర రక్షక దళం నంబరు 1554కు గానీ ఫోను చేయండి. పడినవారు రాయి ఎక్కడానికి ప్రయత్నించకుండా, అలలు విరిగే చోటు దాటి బయటికి ఈది తేలుతూ ఉండాలి. రాతికేసి కొట్టుకుంటే ప్రాణాలే పోవచ్చు.

మీ నాన్నగారికి సముద్రం బాగా కనిపించే చోటు ఏదని కూడా అడిగారు. భీమిలి దారిలో ఉన్న తొట్లకొండకు తీసుకెళ్లండి, కారు పైదాకా వెళుతుంది. పొద్దున్నే అక్కడి నుంచి చూస్తే ఉబ్బు అలలు నాగలి చాళ్లలా ఒకదాని వెనక ఒకటి తీరం వైపు రావడం తెలుస్తుంది. ఒక చాలు ఏదైనా రాయిని దాటగానే పిల్లలతో సెకన్లు లెక్కపెట్టించండి. పన్నెండు దాటినా తరవాతి చాలు రాకపోతే, మీ బావమరిదిని ఆ రోజంతా మీతోనే ఉంచుకోండి.