పాత ఐపాడ్‌ని పెన్‌డ్రైవ్‌లా వాడుకోవచ్చా? వాడుకోవచ్చు, కాకపోతే కొన్ని చూసుకోవాలి

చిత్తూరులో ఇంటి కంప్యూటర్, తిరుపతిలో పనిచేసే చోట ఇంకోటి. బంధువులిచ్చిన ఐపాడ్ క్లాసిక్ (యాపిల్ వాళ్ల పాటల ప్లేయర్) ఒకటి ఖాళీగా పడి ఉంది, పాటలతో పాటు ఫైళ్లు కూడా దాంట్లో వేసుకుని తిరగొచ్చా, దానికి పాటలెక్కించే ఐట్యూన్స్ సాఫ్ట్‌వేర్‌లోకి లాగితే వర్డ్ ఫైళ్లు ఎందుకు ఎక్కట్లేదు అని మీరు అడిగారు.

నిక్షేపంగా తిరగొచ్చు. తిరుపతిలో డీటీపీ పని చేసినన్నాళ్లూ నేను చేసింది అదే. మొదట్లో నా దగ్గర ఉన్నది మూత తీసి నేరుగా యూఎస్‌బీలో గుచ్చే చిన్న ఎంపీ3 ప్లేయర్. పెళ్లిళ్ల సీజన్‌లో శుభలేఖలు రాత్రి ఇంట్లో కంపోజ్ చేసి, పొద్దున బస్సులో అన్నమయ్య కీర్తనలు వింటూ వచ్చి, అదే ప్లేయర్‌ని షాపు సిస్టమ్‌కి పెట్టేవాణ్ణి. ఫైల్ కాపీ అవుతున్నంతసేపూ దాని బుల్లి తెరమీద బాణం గుర్తు ఆడుతూ ఉండేది. అది ఆగేదాకా ఎవరినీ ఆ టేబుల్ దరిదాపులకు రానిచ్చేవాణ్ణి కాదు.

ఇక మీ సంగతి. ఐట్యూన్స్ పాటలూ వీడియోలూ లాంటివి తప్ప మిగతా ఫైళ్లను పట్టించుకోదు. అందుకే వర్డ్ ఫైళ్లను దాంట్లోకి లాగకూడదు. ఐపాడ్ తగిలించి, ఐట్యూన్స్‌లో దాని సమ్మరీ పేజీకి వెళ్లి ‘ఎనేబుల్ డిస్క్ యూజ్’ అన్నదానికి టిక్ పెట్టి అప్లై నొక్కండి. అప్పుడు మై కంప్యూటర్‌లో (ఇప్పటి విండోస్‌లో దిస్ పీసీ) మామూలు డ్రైవ్‌లాగా కనిపిస్తుంది. ఒక ఫోల్డర్ చేసుకుని ఫైళ్లు అందులో పడేయడమే. ఇలా వేసిన ఎంపీ3లు మాత్రం ఐపాడ్‌లో మోగవు, అవి కూడా ఉత్త ఫైళ్లే. వినాల్సిన పాటలు ఐట్యూన్స్ ద్వారానే ఎక్కాలి.

ఆ ఐపాడ్‌ని ఇచ్చినవాళ్లు మ్యాక్ (యాపిల్ కంప్యూటర్)లో ఫార్మాట్ చేసి ఉంటే మాత్రం మీ విండోస్ దాన్ని చదవలేదు. విండోస్‌లో ఫార్మాట్ అయినదైతే రెండింటిలోనూ తెరుచుకుంటుంది. మార్చాలంటే విండోస్‌లోని ఐట్యూన్స్‌లో రీస్టోర్ కొట్టాలి, కొడితే పాటలూ ఫైళ్లూ అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. కాబట్టి ఆ పని మొదటే, ఖాళీగా ఉన్నప్పుడే కానిచ్చేయండి. విండోస్ ఫార్మాట్ అంటే ఫ్యాట్32. అందులో ఒక్కో ఫైల్ 4 జీబీ దాటకూడదు. డాక్యుమెంట్లకు ఏ బాధా లేదు, ఎవరి పెళ్లి వీడియోనో మోసుకెళ్లమంటేనే ఇబ్బంది.

మీరు పనిచేసే చోటి కంప్యూటర్‌లో కూడా ఐట్యూన్స్ ఉంటే, ‘ఇది వేరే లైబ్రరీతో సింక్ అయింది, చెరిపేసి సింక్ చేయమంటారా’ అని అడుగుతుంది. వద్దనండి. ఫైళ్లు కావాలంటే అక్కడ ఐట్యూన్స్ అక్కర్లేదు.

ఐపాడ్ లేనివాళ్లకు కూడా ఒక మాట. క్రియేటివ్, సోనీ లాంటి కొన్ని ప్లేయర్లు ఎంటీపీ అనే వేరే ఫైల్ బదిలీ పద్ధతిలో కనెక్ట్ అవుతాయి. వాటికి ఈ, ఎఫ్ లాంటి డ్రైవ్ లెటర్ రాదు. పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌లో ఓపెన్ నొక్కితే ఆ ప్లేయర్ కనిపించకపోవడానికి కారణం ఇదే. ఫైల్‌ని ముందు డెస్క్‌టాప్ మీదకు లాక్కుని అక్కడ తెరవాలి. సాన్‌డిస్క్ సాన్సా క్లిప్‌లో అయితే యూఎస్‌బీ మోడ్‌ని ఎంఎస్‌సీకి (డ్రైవ్‌లా కనిపించే పద్ధతికి) మార్చుకునే సెట్టింగ్ ఉంది, మార్చుకుంటే పెన్‌డ్రైవ్ అయిపోతుంది. మీది డ్రైవ్‌లా కనిపించినా సరే, డైరెక్టుగా దాని మీదే పని చేయకండి. క్లాసిక్ లోపల ఉన్నది చిన్న హార్డ్‌డిస్క్, కేబుల్ కాస్త కదిలితే ఫైల్ సగంలో ఆగిపోతుంది. కాపీ చేసుకుని, పని చేసి, తిరిగి వేసి, ఎజెక్ట్ కొట్టి తీయండి. బస్సు కుదుపులకు పాటలు ఆగిపోతాయేమోనని మాత్రం టెన్షన్ పడక్కర్లేదు, పాటను ముందుగానే మెమరీలోకి తెచ్చుకుని డిస్క్‌ని ఆపేసుకుంటుంది.

డీటీపీ ఫైళ్లయితే అసలు తలనొప్పి ప్లేయర్‌తో రాదు, ఫాంట్లతో వస్తుంది. తెలుగు డీటీపీలో వాడే అను ఫాంట్లు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకూ ఉమ్మడిగా ఉండే అక్షరాల పద్ధతి) కావు. అవతలి సిస్టమ్‌లో అదే ఫాంట్ లేకపోతే వధూవరుల పేర్లుండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా దర్శనమిస్తాయి. ఫైల్‌తో పాటు ఫాంట్లూ, లింక్ చేసిన ఫొటోలూ ఒకే ఫోల్డర్‌లో వేసుకోండి. మార్పులు లేని ఫైనల్ అయితే పీడీఎఫ్ చేసేయండి, కోరెల్‌డ్రాలోదైతే కర్వ్స్ చేసి (అక్షరాలను గీతల బొమ్మలుగా మార్చి) ఇవ్వండి. ప్రెస్‌వాళ్లు మళ్లీ ఫోన్ చేయరు.

వైరస్ గురించి మీరు అడగలేదు గానీ చెప్పక తప్పదు. పదిమంది పెన్‌డ్రైవ్‌లు పెట్టే కంప్యూటర్‌కి తగిలిస్తే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారిపోయే జబ్బు ఐపాడ్‌కి కూడా అంటుకుంటుంది. యూఎస్‌బీ పెట్టగానే ప్రోగ్రామ్ దానంతటదే నడిచే ఆటోరన్‌ని ఆపే అప్‌డేట్‌ని మైక్రోసాఫ్ట్ 2011లో పాత విండోస్‌లకు కూడా ఇచ్చింది గానీ, ఆ షార్ట్‌కట్‌ని మనమే డబుల్ క్లిక్ చేస్తే ఎవరేం చేస్తారు? అసలు ఫైళ్లు ఎక్కడికీ పోవు, దాచబడి ఉంటాయి. ఫోల్డర్ ఆప్షన్లలో హిడెన్ ఫైళ్లనూ, సిస్టమ్ ఫైళ్లనూ కనబడేలా పెడితే బయటపడతాయి. అప్పుడు ‘ఐపాడ్ కంట్రోల్’ అని ఒక ఫోల్డర్, దాని లోపల ఎఫ్00, ఎఫ్01 అంటూ వింత పేర్లూ కనిపిస్తాయి. వైరస్ అనుకుని డిలీట్ చేయకండి, మీ పాటలన్నీ ఉన్నది అందులోనే.

ఇంకోటి, ఐపాడ్ కేబుల్ వెడల్పాటి 30 పిన్నుల రకం. ఇప్పుడు అందరి దగ్గరా ఉండదు, బ్యాగులో ఒకటి ఎప్పుడూ పడేసుకోండి. మీరు పనిచేసేది బ్యాంకులోనో ప్రభుత్వ ఆఫీసులోనో అయితే యూఎస్‌బీ బ్లాక్ చేసి ఉండొచ్చు, తగిలించే ముందే అక్కడ సిస్టమ్స్ చూసుకునేవాళ్లని ఒక మాట అడగండి.