పడిపోయిన స్కూటర్ స్టార్ట్ అయితే నడపవచ్చా?

ప్రశ్న: నిలిపి ఉంచిన నా స్కూటర్‌ను వెనక్కి వస్తున్న కారు తాకి పక్కకు పడేసింది. అప్పుడు హ్యాండిల్ లాక్ వేసి ఉంది. లేపి సెల్ఫ్ నొక్కితే వెంటనే స్టార్ట్ అయింది. డిస్‌ప్లేలో హెచ్చరిక దీపమేదీ వెలగడం లేదు, గీతలు తప్ప దెబ్బలేవీ కనిపించడం లేదు. ఇక నడపవచ్చా? బండి పరిస్థితిని ఫోన్‌లో చూపే యాప్ ఏదైనా ఉందా?

జవాబు: ఇప్పుడే నడపవద్దు. ఇంజిన్ స్టార్ట్ అయిందంటే బండి కదలగలదని మాత్రమే అర్థం. అది ఆగుతుందా, మీరు తిప్పిన వైపుకే తిరుగుతుందా అన్న సంగతి ఇంజిన్ చెప్పలేదు. పడిపోయిన స్కూటర్‌లో ప్రాణం మీదికి తెచ్చే లోపాలు చాలావరకు యాక్సిలరేటర్, బ్రేకులు, హ్యాండిల్ అనే మూడు చోట్లే ఉంటాయి. అదృష్టవశాత్తు ఈ మూడింటినీ ఏ పనిముట్టూ లేకుండా పావుగంటలో మీరే పరీక్షించుకోవచ్చు.

ముందుగా దీపాల సంగతి. డిస్‌ప్లేలో వెలిగే దీపాలు సెన్సర్లు కొలిచే విషయాలనే చూపుతాయి. ఇంధన ఇంజెక్షన్ (ఇంజిన్‌లోకి పెట్రోల్‌ను చిమ్మే ఏర్పాటు) సరిగా పనిచేస్తోందా, ఇంజిన్ ఎంత వేడెక్కింది, ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ వేసినా చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) ఉంటే చక్రం ఎంత వేగంగా తిరుగుతోంది వంటివి వాటికి తెలుస్తాయి. వంగిన బ్రేక్ లివర్‌ను, మెలి తిరిగిన ఫోర్క్‌ను (ముందు చక్రాన్ని పట్టి ఉంచే కడ్డీలను), లోపలికి నొక్కుకుపోయిన గ్రిప్‌ను కనిపెట్టే సెన్సర్ సాధారణంగా ఏ స్కూటర్‌లోనూ ఉండదు. బండికి అనుసంధానమయ్యే యాప్ కూడా అవే సెన్సర్ల సమాచారాన్ని చదువుతుంది కనుక, దీపానికి తెలియనిది యాప్‌కూ తెలియదు. అయితే ఫోన్ ఇక్కడ మరో విధంగా ఎంతో పనికొస్తుంది. బండిని లేపకముందే నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీస్తే, అది ఏ వైపున, దేని మీద పడిందో తర్వాత మెకానిక్‌కూ బీమా సంస్థకూ చూపవచ్చు. టార్చి వేసి అడుగు భాగం చూడవచ్చు. చక్రం తిరిగేటప్పుడు స్లో మోషన్‌లో వీడియో తీస్తే, కంటికి అందని ఊగులాట కూడా స్పష్టంగా తెలుస్తుంది.

ఏ వైపున పడిందన్నది ముఖ్యం. 100 కిలోలకు పైబడిన బండి పక్కకు పడినప్పుడు ఆ దెబ్బంతా నేలను తాకే నాలుగైదు చోట్లకే చేరుతుంది. బ్రేక్ లివర్ కొస, హ్యాండిల్ చివర, అద్దం, ఫుట్‌బోర్డు అంచు ఏ వైపు పడినా దెబ్బ తింటాయి. కుడివైపు పడితే వీటికి తోడు యాక్సిలరేటర్, సైలెన్సర్, గాలితో చల్లబడే ఇంజిన్లలో ఫ్యాన్ కవరు నలుగుతాయి. ఎడమవైపు పడితే కిక్ రాడ్, బెల్టు కవరు, స్టాండ్లు నలుగుతాయి.

మీరు ఇప్పటికే స్టార్ట్ చేశారు కానీ, ఇకపై ఎప్పుడైనా బండి పడితే ముందు కీ ఆఫ్ చేసి, లేపి, మెయిన్ స్టాండ్ వేసి, పెట్రోల్ వాసన కోసం చూడండి. పక్కకు ఒరిగిన బండిలో ట్యాంకు మూత నుంచి గానీ, పాత తరహా బండి అయితే పెట్రోల్‌ను గాలితో కలిపే కార్బురేటర్ నుంచి గానీ కొంత పెట్రోల్ కారడం సహజమే. పెట్రోల్ మైనస్ 40 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో కూడా నిప్పంటుకునేంత ఆవిరిని విడుస్తుంది. ఆ ఆవిరి గాలి కంటే బరువైనది కనుక వెంటనే ఎగిరిపోక, నేల మీదా ఫుట్‌బోర్డు కిందా నిలుస్తుంది. కారినది తుడిచి, ఆరనిచ్చి, వాసన పూర్తిగా పోయాకే కీ తిప్పాలి. తుడిచిన చోట మళ్లీ తడి కనిపిస్తే ఎక్కడో పైపు ఊడిందనో చిట్లిందనో అర్థం. అప్పుడు స్టార్ట్ చేసే ఆలోచనే పెట్టుకోవద్దు.

ఇక యాక్సిలరేటర్. దీని గురించి కాస్త ఎక్కువగా చెబుతాను, ఎందుకంటే అందరూ వదిలేసేది ఇదే, గేర్లు లేని స్కూటర్‌లో అన్నిటికంటే ప్రమాదకరమైనదీ ఇదే. మోటారు సైకిల్‌లో యాక్సిలరేటర్ ఇరుక్కుపోతే క్లచ్ పట్టుకుని ఇంజిన్‌ను చక్రం నుంచి విడదీయవచ్చు. స్కూటర్‌లో చేతికి అందే క్లచ్ లేదు. లోపల ఉండే క్లచ్, ఇంజిన్ చుట్లు పెరిగేకొద్దీ తనంతట తానే పట్టుకుని బండిని ముందుకు తోస్తుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండి ఒక్క సెకనులో 11 మీటర్లు దాటుతుంది కనుక, గ్రిప్ వెనక్కి రాలేదని మీరు గ్రహించేలోపే ముందున్న వాహనం మీదికి వెళ్లిపోతారు. నా స్కూటర్ ఒకసారి ఇలాగే కుడివైపు పడింది. హ్యాండిల్ చివర ఉండే బరువు కొద్దిగా లోపలికి నొక్కుకుని గ్రిప్‌ను ఒరుసుకుంటున్న సంగతి నేను చూడలేదు. మొదటి మలుపులో చెయ్యి వదులు చేసినా బండి వేగం తగ్గలేదు. రోడ్డు ఖాళీగా ఉండబట్టి, కీ ఆఫ్ చేసి ఆగగలిగాను. ఆ రోజు నుంచి ఈ పరీక్ష చేయకుండా పడిన బండిని నేను ఎక్కలేదు, ఎవరినీ ఎక్కనివ్వలేదు.

పరీక్ష ఇది. ఇంజిన్ ఆపి, హ్యాండిల్ నేరుగా ఉంచి గ్రిప్‌ను పూర్తిగా తిప్పి ఒక్కసారిగా వదిలేయండి. అది టక్కున తన చోటికి తిరిగి రావాలి. నెమ్మదిగా పాకుతూ వచ్చినా, చివర్లో కాస్త ఆగినా పనికిరాదు. తర్వాత హ్యాండిల్‌ను పూర్తిగా ఎడమకు తిప్పి ఒకసారి, పూర్తిగా కుడికి తిప్పి మరోసారి ఇదే చేయండి. ఆపైన మెయిన్ స్టాండ్ మీద, వెనుక చక్రం నేలను తాకకుండా చూసుకుని ఇంజిన్ స్టార్ట్ చేసి, గ్రిప్ ముట్టుకోకుండా హ్యాండిల్‌ను ఆ కొస నుంచి ఈ కొసకు తిప్పండి. ఇంజిన్ చప్పుడు మారకూడదు. ఒకవైపు తిప్పినప్పుడు చప్పుడు పెరిగితే యాక్సిలరేటర్ కేబుల్ ఎక్కడో చిక్కుకుని బిగుసుకుందని అర్థం, అంటే మీరు మలుపు తిరిగిన ప్రతిసారీ బండి తనంతట తానే వేగం పుంజుకుంటుంది.

బ్రేకుల దగ్గర ముందుగా చూడవలసినవి లివర్లు. అవి పోత పోసిన అల్యూమినియంతో చేసినవి. ఇనుములా వంగి మళ్లీ నిలబడవు, వంగిన చోట సన్నని పగులు ఏర్పడి, మీరు గట్టిగా పట్టిన రోజున విరిగిపోతాయి. అందువల్ల వంగిన లివర్‌ను చేత్తోనో సుత్తితోనో సరిచేయవద్దు, కొత్తది వేయించండి. వంగకపోయినా, పూర్తిగా పట్టినప్పుడు గ్రిప్‌కు తగలకముందే బ్రేక్ గట్టిగా పడుతోందా లేదా చూడండి. డిస్క్ బ్రేక్ ఉన్న బండిలో మరో చిక్కుంది. హ్యాండిల్ మీద ఉండే చిన్న డబ్బాలోని బ్రేక్ ద్రవం, బండి ఒరిగినప్పుడు పక్కకు చేరి, పైపులోకి గాలి బుడగ పోవడానికి అవకాశమిస్తుంది. లివర్ స్పాంజిలా మెత్తగా తగిలినా, గట్టిగా పట్టి అరనిమిషం ఉంచితే మెల్లగా లోపలికి దిగిపోతున్నా మెకానిక్ చేత గాలి తీయించే వరకు ఆ బండిని కదపవద్దు. ద్రవం బయటికి కారి ఉంటే నీళ్లతో కడిగేయండి, అది రంగును తినేస్తుంది. చివరగా ఇంజిన్ ఆపి బండిని చేత్తో తోయండి. వంగిన లివర్ వల్ల బ్రేక్ ఎప్పుడూ కొద్దిగా పట్టుకునే ఉంటే బండి బరువుగా కదులుతుంది. రెండు లివర్లనూ విడివిడిగా పట్టి, వెనుక బ్రేక్ లైటు వెలుగుతోందో లేదో చూడడం మరవవద్దు.

హ్యాండిల్ విషయంలో మీ బండికి ప్రత్యేకమైన అనుమానం ఉంది. లాక్ వేసి ఉండగా దెబ్బ తగిలితే చక్రం తిరగలేక, ఆ బలమంతా లాక్ పిన్ను మీద పడుతుంది. పిన్ను వంగితే, కీ తిప్పినా అది పూర్తిగా వెనక్కి రాకపోవచ్చు. అందువల్ల కీ ఆన్‌లో ఉంచి హ్యాండిల్‌ను రెండు వైపులా చివరి దాకా పదిసార్లు తిప్పి, ఎక్కడైనా తగులుతున్నట్టు, గీసుకుంటున్నట్టు ఉందేమో గమనించండి. తర్వాత వెనుక సీటు మీద ఒకరిని బరువు వేయమని ముందు చక్రాన్ని గాల్లోకి లేపి మళ్లీ తిప్పి చూస్తే, కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగేందుకు ఉండే బేరింగులు) దెబ్బతిన్న బండిలో మధ్యలో చిన్న గుంటలో పడి ఆగినట్టు చేతికి తెలుస్తుంది. ఇక బండికి ఎదురుగా నాలుగడుగుల దూరంలో నిలబడి, ముందు చక్రాన్ని వెనుక చక్రం వరుసలోకి తెచ్చి, హ్యాండిల్ అడ్డంగా సమంగా ఉందో లేదో చూడండి. హ్యాండిల్ ఒకవైపుకు తిరిగి ఉంటే అది కేవలం బిగింపు దగ్గర మెలి తిరిగి ఉండవచ్చు, లేదా ఫోర్కే వంగి ఉండవచ్చు. మొదటిది మెకానిక్ చేతిలో చిన్న పని, రెండోది విడిభాగం మార్చవలసిన పని. ఈ తేడా బయటి నుంచి చూసి తేల్చలేము కనుక రెండు సందర్భాల్లోనూ నడపకూడదు.

ముందు చక్రాన్ని మళ్లీ అలాగే గాల్లోకి లేపి, గుండ్రంగా తిప్పి, ఫోర్క్ పక్కన ఒక పుల్లను కదలకుండా పట్టుకుని రిమ్ అంచుకూ పుల్లకూ మధ్య సందును వీడియో తీయండి. చాలా స్కూటర్ల మాన్యువళ్లలో అనుమతించే ఊగులాట 2 మిల్లీమీటర్లే. టైరు పక్క గోడల మీద కోత, ఉబ్బు ఉన్నాయేమో చూడండి. సైలెన్సర్ లోపలికి జరిగి వెనుక టైరును తాకకూడదు. ఫ్యాన్ కవరు పగిలితే ఇంజిన్‌కు గాలి తగ్గి వేడెక్కుతుంది, పగిలిన ముక్క ఫ్యాన్‌లో పడితే నష్టం ఇంకా పెరుగుతుంది. స్టాండ్ల స్ప్రింగులు ఊడకుండా ఉండాలి, ఎందుకంటే వేలాడే స్టాండు మలుపులో నేలకు తగిలితే బండి తలకిందులవుతుంది.

ఇవన్నీ సరిగా ఉంటేనే హెల్మెట్ పెట్టుకుని, వాహనాలు లేని చోట గంటకు 10 కిలోమీటర్లు, ఆపైన 20 కిలోమీటర్ల వేగంతో నడిపి, ఒక్కో బ్రేక్‌నూ విడిగా వేసి చూడండి. బండి ఒక పక్కకు లాగినా, కొత్తగా అదిరినా ఆపేయండి. ఏబీఎస్ దీపం ఉంటే అది బండి కదిలి కొద్ది వేగం అందుకోగానే ఆరిపోవాలి. తిరిగి వచ్చాక పది నిమిషాలు ఆగి, కింద నేల మీద చుక్కలు పడ్డాయేమో చూడండి. యాక్సిలరేటర్, బ్రేకు, హ్యాండిల్‌లలో ఒక్కటి తప్పినా, మెల్లగా నడుపుకుంటూ మెకానిక్ దగ్గరికి వెళ్దామని అనుకోవద్దు; మెకానిక్‌ను పిలిపించండి, లేదా బండిని మరో వాహనంలో ఎక్కించి పంపండి.

ప్రశ్న: పడిన తర్వాత సెల్ఫ్ మోటారు తిరుగుతోంది కానీ ఇంజిన్ అందుకోవడం లేదు. ఏదైనా కాలిపోయిందా?

జవాబు: చాలావరకు కాదు. ఇంధన ఇంజెక్షన్ ఉన్న అనేక స్కూటర్లలో బండి మామూలు వాలును దాటి ఒరిగితే, ఆ సంగతి పసిగట్టి ఇంజిన్‌ను ఆపేసే సెన్సర్ ఉంటుంది. బండిని నిలబెట్టినంత మాత్రాన అది మళ్లీ అనుమతి ఇవ్వదు. కీని పూర్తిగా ఆఫ్ చేసి, కొన్ని సెకన్లు ఆగి, మళ్లీ ఆన్ చేస్తే సాధారణంగా సర్దుకుంటుంది. సెల్ఫ్ మోటారే తిరగకపోతే బ్రేక్ లివర్ కింద ఉండే చిన్న స్విచ్చినీ, సైడ్ స్టాండ్ స్విచ్చినీ అనుమానించండి, ఎందుకంటే చాలా బండ్లలో వాటి సంకేతం అందకపోతే సెల్ఫ్ పనిచేయదు. కార్బురేటర్ బండి అయితే పెట్రోల్ ఎక్కువై స్పార్క్ ప్లగ్ తడిసి ఉండవచ్చు. పది పదిహేను నిమిషాలు ఆగి ప్రయత్నించండి.

ప్రశ్న: లేపి స్టార్ట్ చేయగానే సైలెన్సర్ నుంచి దట్టంగా పొగ వచ్చింది. భయపడాలా?

జవాబు: పడి ఉన్నంతసేపూ ఇంజిన్ ఆయిల్ తనది కాని చోటికి, అంటే ఎయిర్ ఫిల్టర్ పెట్టెలోకి, కొన్నిసార్లు సిలిండర్‌లోకి చేరి, స్టార్ట్ చేయగానే కాలుతుంది. నీలి ఛాయ ఉన్న తెల్లటి పొగ కొద్ది నిమిషాల్లో తగ్గిపోతే ఇబ్బంది లేదు. అయితే బండి చాలాసేపు పడి ఉంటే, లేపిన వెంటనే సెల్ఫ్ నొక్కవద్దు. ద్రవం గాలిలా నలగదు కనుక, సిలిండర్‌లో ఆయిల్ గానీ పెట్రోల్ గానీ నిండి ఉంటే పిస్టన్ దాన్ని నొక్కలేక లోపలి భాగాలే వంగుతాయి. పది పదిహేను నిమిషాలు మెయిన్ స్టాండ్ మీద నిలిపి, కిక్ రాడ్ ఉంటే కీ ఆఫ్‌లోనే దాన్ని మెల్లగా రెండు మూడుసార్లు నొక్కండి. మధ్యలో గట్టిగా అడ్డుపడితే బలవంతం చేయక, ప్లగ్ తీయించి లోపలి ద్రవాన్ని బయటికి పంపించాలి. ఆ తర్వాత సమతలంలో ఆయిల్ మట్టం చూసి, తగ్గినంత పోయించండి. ఎయిర్ ఫిల్టర్ ఆయిల్‌తో తడిసి ఉంటే మార్చవలసిందే.

ప్రశ్న: మాది ఎలక్ట్రిక్ స్కూటర్. పడింది, కానీ బాగానే నడుస్తోంది. రాత్రికి ఛార్జింగ్ పెట్టవచ్చా?

జవాబు: యాక్సిలరేటర్, బ్రేకు, హ్యాండిల్ పరీక్షలు మీకూ వర్తిస్తాయి. దానికి తోడు, పడిన బండిని తాకేముందు తప్పనిసరిగా కీ ఆఫ్ చేయండి. ఎలక్ట్రిక్ మోటారు చప్పుడు చేయదు కనుక అది ఆన్‌లో ఉందని తెలియక, లేపేటప్పుడు గ్రిప్ తిరిగి బండి ముందుకు దూకే ప్రమాదం ఉంది. బ్యాటరీ విషయానికొస్తే, నిలిపిన చోటే పక్కకు ఒరిగి పడడం వేరు, ఫుట్‌బోర్డు అడుగు భాగం గట్టు అంచుకో రాయికో గట్టిగా తగలడం వేరు. రెండోది జరిగి బ్యాటరీ పెట్టె సొట్టపడినా, పగిలినా ఛార్జింగ్ పెట్టవద్దు. లిథియం అయాన్ సెల్ లోపల దెబ్బ తింటే ఆ ఫలితం కొన్ని గంటల తర్వాత గానీ బయటపడకపోవచ్చు. సొట్ట కనిపించకపోయినా, ఇంట్లోనూ మెట్ల కిందా కాకుండా ఆరుబయట, మండే వస్తువులకు దూరంగా బండిని నిలిపి, మొదటి ఛార్జింగ్‌ను మీరు మేలుకుని ఉన్న వేళ పెట్టండి. బుసలాంటి చప్పుడు, ఘాటైన రసాయనపు వాసన, ఉబ్బు, వాడకుండానే వేడెక్కడం వీటిలో ఏది కనిపించినా దూరంగా జరిగి, ఇతరులనూ జరిపి, అగ్నిమాపక సిబ్బందిని పిలవండి. అప్పుడు బ్యాటరీని బయటికి తీసే ప్రయత్నం చేయవద్దు.