బొట్టు పెట్టి పిలిచిన ఇంటికి వాట్సాప్ జవాబా?

నెల్లూరు

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నీ కథ అందింది. పదకొండో పేజీ దగ్గర కాయితాలు పక్కన పడేసి, మర్నాడు మళ్ళీ తీశాను. ఒంగోలునించి ఆడబిడ్డ బస్సెక్కి నెల్లూరొచ్చింది. వదినకి బొట్టు పెట్టి, "పాప మొదటి పుట్టినరోజు, ఆదివారం సాయంత్రం, ఎట్టైనా రావాల వదినా" అని పిలిచి పోయింది. ఇందాకా బాగుంది. పది రోజుల తర్వాత, శనివారం రాత్రి, ఆ వదిన ఫోను తీసి, "మీ ఆహ్వానానికి ధన్యవాదాలు. అనివార్య కారణాల వల్ల హాజరు కాలేకపోతున్నందుకు చింతిస్తున్నాము" అని వాట్సాప్ పెట్టింది. ఆడబిడ్డ దండం బొమ్మ పెట్టి ఊరుకుంది. అక్కణ్ణించి నీ కథ వదిన కొడుకు రాసే పరీక్ష హాలు మీదికి పోయింది.

ఎట్టా ఊరుకుంటుందమ్మా? ఆ మెసేజి చదివిన రాత్రి ఆ ఇంట్లో ఎవరికీ అన్నం సయించదు. అనివార్య కారణాలనేది రైలు రద్దయినప్పుడు స్టేషన్లో మైకు చెప్పే మాట. మేనకోడలి పుట్టినరోజుకి అది వాడిన మనిషిని ఆడబిడ్డ పదేళ్ళు గుర్తుపెట్టుకుంటుంది.

బియ్యం అయిపోతే 'నిండుకున్నాయి' అంటాం. దీపం ఆరితే 'కొండెక్కింది' అంటాం. గడప దాటే మనిషి 'పొయ్యొస్తా' అంటాడు గానీ 'పోతున్నా' అనడు. ఇట్లాంటి భాషలో శుభకార్యానికి 'రాను' అనే మాట లేదు. రాలేకపోవడం మాత్రం ఉంది, దానికో పద్ధతి ఉంది, ఆ పద్ధతి తెలియనివాళ్ళు సంభాషణ రాయలేరు. నేను నలభై ఏళ్ళుగా ఈ మాటే చెబుతున్నాను. ఒక వారపత్రిక సంపాదకుడు నా కథలో ముసలామె అన్న 'పొయ్యొస్తా'ని 'వెళ్తున్నాను' అని దిద్ది అచ్చేశాడు. మళ్ళీ రాదని తెలిసే ఆమె ఆ మాట అంటుంది. కథంతా ఆ ఒక్క మాట మీదే నిలబడింది. ఇప్పటికీ తల్చుకుంటే కడుపు మండుతుంది. ఇప్పుడింకో వరస వచ్చింది. ఆడది మొహమ్మీద 'నో' అనేస్తే చాలు, కథ గెలిచినట్టేనట. అనొచ్చు. కానీ ఎవరితో, ఏ గడపలో నిలబడి, ఎన్నిసార్లు అడిగించుకుని అన్నదో రాయకపోతే అది కథ కాదు, నినాదం.

పిలుపు ఎట్టా వచ్చిందో జవాబూ అట్టే పోవాలి. బొట్టు పెట్టి పిలిచినవాళ్ళకి మనిషే పోయి చెప్పాలి, దూరమైతే ఫోన్లో గొంతుతో చెప్పాలి. ఫోన్లో పిలిస్తే ఫోన్లోనే. వాట్సాప్ గ్రూపులో కార్డు పడేసి అందర్నీ పిలిచినా, రాలేమని గ్రూపులో పెట్టకూడదు. ఒకరు పెడితే దాని కిందే ఇంకో నలుగురు 'మాకూ కుదరదు' అని పెడతారు. పిలిచిన తల్లి ఆ వరస చూస్తూ కూర్చుంటుంది. విడిగా ఆమె ఒక్కదానికే చెప్పాలి.

ఎప్పుడు చెప్పాలన్నదాంట్లో నువ్వు ఇంకా పెద్ద తప్పు చేశావు. వంటవాళ్ళకి ప్లేట్ల లెక్క రెండు మూడు రోజుల ముందే ఇచ్చేస్తారు. ఇచ్చిన లెక్కకి డబ్బు కట్టాల్సిందే, తిన్నా తినకపోయినా. ఆదివారం విందుకి బుధవారమో, మించితే గురువారం పొద్దున్నో చెప్పాలి. నీ వదిన శనివారం రాత్రి పదింటికి చెప్పింది. అప్పటికి చేపలకీ, కోళ్ళకీ అడ్వాన్సులు పోయుంటాయి. నలుగురు రాకపోతే నాలుగు ప్లేట్లు దండగ. 'చూస్తాంలే' అని నానబెట్టేది అంతకన్నా అన్యాయం. వాళ్ళు ఆ నాలుగు ప్లేట్లూ లెక్కలో వేసుకుంటారు, వచ్చేదాకా వాకిలి వంక చూస్తారు. 'రాను' అనకూడదన్నాను గానీ, రావటం లేదన్న సంగతి దాచమనలేదు. "ఈసారికి నాకు పడటంల్యా అమ్మాయ్, ముందే చెప్తుండా" అంటే సంగతి తెలిసిపోతుంది, మాటా మెత్తగా ఉంటుంది.

కారణం ఒకటే చెప్పించు. రెండు చెబితే రెండూ అబద్ధాలనుకుంటారు. శుభమా అని పిలిస్తే జబ్బు పేరెత్తకూడదు. పైగా మర్నాడు వాళ్ళే పండ్లు పట్టుకుని చూడటానికొస్తారు. మైల ఉన్నవాళ్ళు ఆ ఇంటికి తాము ఫోను చెయ్యరు, మూడో మనిషితో చెప్పిస్తారు. ఎవరూ తప్పు పట్టరు. నీ కథలో బంగారంలాంటి కారణముంది, కొడుక్కి సోమవారం పదో తరగతి పరీక్ష. దానికి ఎవరూ ఎదురు చెప్పరు. దాన్ని వదిలేసి 'అనివార్యం' అని ఎందుకు రాశావో నాకు అర్థం కాలేదు.

ఇక ఆ ఫోను. నువ్వు ఒక్క లైన్లో తేల్చేసిన చోట రెండు పేజీలు పట్టే సంభాషణుంది. మన వైపు ఎవరూ ఒకసారి అడిగి వదిలిపెట్టరు, మూడుసార్లు అడుగుతారు. ప్రతిసారీ అడిగేది వేరు, జవాబూ వేరుగానే ఉండాలి.

మొదటిది: "అదేంది వదినా, నువ్వు రాకపోతే ఎట్టా?" ఇది ప్రశ్న కాదు, నొచ్చుకోవడం. దీనికి కారణం మళ్ళీ చెప్పకూడదు. "నాకు మాత్రం పాపని చూసుకోవాలని ఉండదా?" అనాలి.

రెండోది: "పోనీ, భోజనాల టయానికన్నా వచ్చి పో." ఇక్కడ లెక్క చెప్పాలి. కార్డులో ఏడని ఉన్న కేకు ఎనిమిదిన్నరకి గానీ కొయ్యరు. భోజనాలయ్యేసరికి పది. ఒంగోలునించి నెల్లూరికి నూట ఇరవై కిలోమీటర్లు, ఇల్లు చేరేసరికి ఒంటిగంట. పిల్లోడు పొద్దున తొమ్మిదిన్నరకి పరీక్ష రాయాలి. ఆడబిడ్డకీ ఈ లెక్క తెలుసు. అయినా వదిన నోటినించి వినాలి.

మూడోది: "చిన్నదాన్నన్నా పంపీ." ఇక్కడ తప్పకుండా ఏదో ఒకటి ఇవ్వాలి. మూడోదానికీ కాదంటే రాకపోకలు తెగుతాయి. "వాళ్ళ నాన్నతో పంపిస్తాలే" అనగానే అవతల గొంతు మారుతుంది. ఆ మార్పు రాయి. "సర్లే వదినా, పరీక్ష ముఖ్యం గదా" అని ఇంకో రెండు మాటలు మాట్లాడితే ఒప్పుకున్నట్టు. "సరేలే, ఉంటా" అని పెట్టేస్తే మనసులో పెట్టుకున్నట్టు.

'వాళ్ళ నాన్నతో' అన్నాను చూశావా? నీ కథలో మొగుడూ ఇంట్లోనే కూర్చున్నాడు. ఆయన ఆ పాపకి మేనమామ! మొదటి పుట్టినరోజుకి కొత్తబట్టలు తెచ్చేది ఆయన. ఆ వేళే పుట్టువెంట్రుకలు తీయించినా, చెవులు కుట్టించినా పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకునేది ఆయన. నూరు మంది రాకపోయినా సరిపెట్టుకుంటారు గానీ, మేనమామ ఒళ్ళు ఖాళీగా ఉంటే అందరూ అడుగుతారు. ఆయన పోవాలి, కూతుర్ని తీసుకుపోవాలి, చదివింపు కవరు తీసుకుపోవాలి. కవర్లో 1,116 పెట్టించు, గుండుగా వెయ్యి కాదు. ఫోన్లో డబ్బు కొట్టించే సీను తీసెయ్. వదిన ఒక్కతే కొడుకు దగ్గర ఆగిపోతే నీ కథకి అసలు బరువొస్తుంది.

ఇంకో దారి కూడా ఉంది. తిథుల పుట్టినరోజు తేదీ రోజు పడదు. మామూలుగా పదకొండు రోజుల ముందొస్తుంది, మధ్యలో అధికమాసం వస్తే పద్దెనిమిది, పంతొమ్మిది రోజులు ఆలస్యంగా వస్తుంది. ఆ రోజు హాలుండదు, పొద్దున్నే తలంటి, గుడి, ఇంట్లో పాయసం, అంతే. సాయంత్రం ఫంక్షనుకి రాలేని వదిన ఆ పొద్దున పోయి పాయసం తిని పాపనెత్తుకుంటే ఏ ఆడబిడ్డా ఏమీ అనదు. తేదీలు సరిచూసుకుని వాడుకో.

పుట్టినరోజు పొద్దున్నే, తలంటుకి ముందు, వదిన ఫోను చెయ్యాలి. పాప చెవి దగ్గర పెట్టమనాలి. ఏడాది పిల్లకి ఏం తెలుస్తుందని వదిలెయ్యకు, వినేది తల్లి. పరీక్షలైపోయిన వారంలోపల కిలో మలైకాజా కట్టించుకుని ఒంగోలు పోవాలి. నెల దాటితే పోయినా పోనట్టే.

పాప గౌనుకి ధర చీటీ అట్టే వేలాడుతున్న పేరా నాకు నచ్చింది. ఏ పత్రికకి పంపాలి, కలం పేరు పెట్టుకోవాలా అని అడిగావు, అవి తర్వాత. ముందు ఆ ఫోను ఒక్కటి మళ్ళీ రాసి పంపు. మూడుసార్లు అడిగించు. 'పడటంల్యా'ని ఎవరు దిద్దమన్నా దిద్దొద్దు.

ఉంటానమ్మా.