కాంపౌండ్‌తో గీతలు పోయాయి, మసక మాత్రం మిగిలింది. ఏం చెయ్యాలి?

కారు డోర్ మీది గీతలు కాంపౌండ్‌తో (పెయింట్ పైపొరను అరగదీసే పేస్ట్) రుద్ది తీసేశానని, ఇప్పుడు అక్కడ మబ్బు పట్టినట్టు ఉందని, వాక్స్ పెడితే పోతుందా అని అడిగారు. వాక్స్ పెడితే కనపడదు, అంతే. నేనూ అదే పని చేసి మురిసిపోయాను. నాది నల్ల కారు. మూడుసార్లు కడిగేసరికి మసక మళ్ళీ తేలింది, పైగా ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు సాలెగూడు అల్లినట్టు.

అది మరకేమీ కాదు. కాంపౌండ్ ముతకది కాబట్టి పెద్ద గీతను అరగదీస్తూ తన వంతుగా వేల సన్న గీతలు వదిలిపోతుంది. వాటి మీద వెలుగు చెల్లాచెదురవుతుంది కాబట్టి మనకు మసగ్గా కనిపిస్తుంది. ఊల్ ప్యాడ్ వాడితే ఇది మరీ ఎక్కువ, ముదురు రంగుల మీద ఇంకా బాగా బయటపడుతుంది.

ముందు ఒక చిన్న పరీక్ష చెయ్యండి. తడిగుడ్డతో తుడిస్తే పూర్తిగా పోయి, ఆరాక కూడా రాకపోతే అది ఎండిపోయిన కాంపౌండ్ మాత్రమే, గొడవ లేదు. తడిగా ఉన్నప్పుడు మాయమై, ఆరగానే మళ్ళీ వస్తే అవి సన్న గీతలే. నీళ్ళు వాటిలో నిండి కాసేపు కప్పేస్తాయి. వాక్స్ చేసేదీ సరిగ్గా ఇదే.

గీతలే అని తేలితే మందు ఒకటే: ఇంకా సన్న పాలిష్, ఇంకా మెత్తని ప్యాడ్. ఫినిషింగ్ పాలిష్ అని అడిగితే ఇస్తారు. కారు కడిగి, నీడలో, పెయింట్ చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టండి. ఒకేసారి డోర్ మొత్తం కాకుండా రెండు జానల మేర తీసుకోండి. మెత్తని ఫోమ్ ప్యాడ్ మీద బఠాణీ గింజంత చుక్కలు మూడు నాలుగు చాలు. డ్యుయల్ యాక్షన్ మెషీన్ (ప్యాడ్‌ను గుండ్రంగా తిప్పుతూనే అటూ ఇటూ కదిలించే పాలిషింగ్ మెషీన్) అయితే మధ్యస్థ వేగంలో నెమ్మదిగా అడ్డంగా, నిలువుగా తిప్పండి. చివరి రెండు విడతల్లో అసలు నొక్కొద్దు, మెషీన్ బరువే చాలు. చేత్తో చేసినా పని అవుతుంది, కాకపోతే భుజం నొప్పి ఖాయం.

నేను ఇక్కడే బోల్తా పడ్డాను. కాంపౌండ్ రుద్దిన ప్యాడ్‌నే నీళ్ళతో కడిగి దాని మీద ఫినిషింగ్ పాలిష్ వేశాను. ఎంత తిప్పినా మసక తగ్గదే! చివరికి ప్యాడ్‌ని వేళ్ళతో పిండి చూస్తే బూడిదరంగు ముద్ద బయటికొచ్చింది. కొత్త ప్యాడ్ పెట్టాక అదే పాలిష్‌తో రెండో విడతకే ముఖం కనిపించింది. తుడిచే గుడ్డ కూడా అంతే. కింద పడ్డ మైక్రోఫైబర్ గుడ్డను దులిపి వాడాననుకోండి, మళ్ళీ మొదటికే.

గీత తీయడానికి 1500 నంబర్ వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం, నంబర్ పెరిగేకొద్దీ సన్నం) కూడా వాడి ఉంటే, ఆ గుర్తులు ఫినిషింగ్ పాలిష్‌కు లొంగవు. 2000, తర్వాత 3000 పేపర్‌తో తడిగా రుద్ది, కాంపౌండ్ వేసి, అప్పుడే పాలిష్‌కు రావాలి. ఐతే జాగ్రత్త. కంపెనీ పెయింట్ మీద ఉండే క్లియర్ కోట్ (రంగు లేని పారదర్శక పైపొర) మందం సాధారణంగా 40–50 మైక్రాన్లు, అంటే మామూలు ప్రింటింగ్ కాగితం మందంలో సుమారు సగం. మీరు ఇప్పటికే కొంత తీసేశారు. డోర్ అంచుల దగ్గర మెషీన్ ఇట్టే కోసేస్తుంది, అక్కడ టేప్ అంటించండి. క్లియర్ కోట్ ఉన్న కారులో ప్యాడ్‌కు బండి రంగు అంటుతోందంటే వెంటనే ఆపెయ్యండి. ఆ పొర దాటేశారన్నమాట, ఇక పెయింటర్ పనే.

అయ్యాక నమ్మేయకండి. పాలిష్‌లోని నూనె కూడా గీతల్ని దాచేస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను నీళ్ళతో బాగా పలచన చేసి తుడిచి, ఫోన్ టార్చ్ పక్క నుంచి వేసి చూడండి. వెలుగు చుట్టూ పొగలాంటిది లేకపోతే పని అయినట్టే. ఉంటే ఇంకో విడత తిప్పండి. వాక్స్ సంగతి ఆ తర్వాతే.

మీరు మెషీన్ వాడారో చేత్తో రుద్దారో, బండి రంగు ఏమిటో రాయలేదు. కింద చెబితే ఎన్ని విడతలు పట్టొచ్చో కొంచెం అంచనాగా చెప్పగలను.